మన కాలేజీలో ఉంటూనే మరో విశ్వవిద్యాలయం పాఠం
(ఆన్‌లైన్ సైన్స్ కోర్సుల గురించి తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు నాలుగు మాటలు)

మన హాస్టల్ నుంచి డిగ్రీకి వెళ్ళే పిల్లలు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "మా కాలేజీలో ఆ పేపరు లేదు, చెప్పే లెక్చరర్ లేరు. అది చదవాలంటే పట్నం వెళ్ళి పెద్ద యూనివర్సిటీలో చేరాల్సిందేనా?" పదేళ్ళ క్రితమైతే అవుననే చెప్పేవాళ్ళం. ఇప్పుడు ఆ అవసరం లేదు. పేరు మన కాలేజీలోనే ఉంచుకుని, ఒక్క పేపరును మాత్రం మరో సంస్థలో చదివి, ఆ మార్కులను మన జాబితాలో చేర్పించుకోవచ్చు. అయితే ఈ దారిలో తెలియకపోతే నష్టపోయే మలుపులు రెండున్నాయి. వాటి గురించి చెప్పడానికే ఈ వ్యాసం.

అతిథి విద్యార్థి అంటే ఎవరు?

విదేశాల్లో ఇది పాత పద్ధతే. ఒక విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదివే విద్యార్థి వేసవిలోనో, ఒక సెమిస్టర్‌లోనో మరో విశ్వవిద్యాలయానికి వెళ్ళి ఒకటి రెండు పేపర్లు చదువుతాడు. అతన్ని అక్కడ అతిథి విద్యార్థి అంటారు. డిగ్రీ ఇచ్చేది సొంత సంస్థ, పాఠం చెప్పి గ్రేడు ఇచ్చేది ఆతిథ్య సంస్థ.

మన దేశంలో ఈ పద్ధతి ఆన్‌లైన్ ద్వారా అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో ఎన్‌పీటీఈఎల్ అనే పథకాన్ని మొదలుపెట్టి పాఠాలను వీడియోలుగా తయారుచేశాయి. 2014 నుంచి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తున్నారు. 2017 జూలైలో కేంద్ర ప్రభుత్వం స్వయం అనే వేదికను ప్రారంభించింది. ఎన్‌పీటీఈఎల్ కోర్సులు కూడా అందులో భాగమే. రసాయన, భౌతిక, జీవశాస్త్రాలు, గణితం అన్నీ ఉన్నాయి. పేరు నమోదుకు, పాఠాలు వినడానికి పైసా కట్టనక్కరలేదు. సర్టిఫికెట్ కావాలంటే మాత్రం పరీక్ష రుసుము కట్టాలి.

2016లో యూజీసీ నిబంధనలు తెచ్చి, ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 20 శాతం వరకు స్వయం ద్వారా చదవడానికి కాలేజీలు అనుమతించవచ్చని చెప్పింది. 2021లో దానిని 40 శాతానికి పెంచింది. అంటే సెమిస్టర్‌కు ఐదు పేపర్లుంటే రెండింటిని ఇలా చదవవచ్చు. కానీ ఏ కోర్సును ఏ పేపరుకు బదులుగా ఒప్పుకుంటారన్నది మన విశ్వవిద్యాలయం నిర్ణయించాలి. మొదటి మలుపు ఇక్కడే ఉంది.

నేను చేసిన పొరపాటు

డిగ్రీ రెండో ఏడాదిలో నేను 12 వారాల రసాయనశాస్త్రం కోర్సు ఒకటి తీసుకున్నాను. తెల్లవారుజామున లేచి, సెల్‌ఫోన్‌లోనే పాఠాలు విన్నాను. పరీక్ష రుసుము 1000 రూపాయలు. అప్పట్లో మా అమ్మకు అది మూడు రోజుల కూలి. పాసయ్యాను. సర్టిఫికెట్ పట్టుకుని కాలేజీ ఆఫీసుకు వెళితే, "చేరేముందు మమ్మల్ని అడిగావా? ముందస్తు అనుమతి లేదు కాబట్టి ఈ క్రెడిట్లు చేర్చలేం" అన్నారు. అదే పాఠ్యాంశమున్న పేపరును మళ్ళీ కాలేజీలో రాయాల్సి వచ్చింది.

వారి మాటలో తప్పు పట్టలేను. నిబంధన అదే. కాకపోతే అడగాలన్న సంగతే నాకు తెలియదు. మా ఇంట్లో నాకంటే ముందు డిగ్రీ చదివినవాళ్ళు లేరు, చెప్పేవాళ్ళూ లేరు. చదువుకున్న కుటుంబాల పిల్లలకు ఇలాంటి విషయాలు అన్నం తింటూ మాట్లాడుకునే మాటల్లోనే తెలిసిపోతాయి. మనకు మాత్రం ఒకరు దెబ్బతిని ఇంకొకరికి చెప్పుకోవాలి. అందుకే చెబుతున్నాను.

మార్కుల లెక్క

ఎన్‌పీటీఈఎల్ కోర్సులు సాధారణంగా 4, 8, 12 వారాలవి. వీడియో పాఠాలు వరుసగా 10, 20, 30 గంటలుంటాయి. వాటికి 1, 2, 3 క్రెడిట్లు. ప్రతివారం ఒక అసైన్‌మెంట్ ఉంటుంది. గడువు దాటితే తీసుకోరు. 12 వారాల కోర్సులో ఎక్కువ మార్కులు వచ్చిన 8 అసైన్‌మెంట్ల సగటును 25 మార్కులకు లెక్కిస్తారు. చివరి పరీక్ష 75 మార్కులకు. దానిని ఇంట్లో కాకుండా, వాళ్ళు కేటాయించిన కేంద్రానికి స్వయంగా వెళ్ళి రాయాలి.

ఇక్కడ ఒక మెలిక గమనించండి. సర్టిఫికెట్‌కు అసైన్‌మెంట్లలో 25కి కనీసం 10, పరీక్షలో 75కి కనీసం 30 విడివిడిగా రావాలి. ఒకరికి అసైన్‌మెంట్లలో 20, పరీక్షలో 28 వచ్చాయనుకుందాం. మొత్తం 48 అయినా సర్టిఫికెట్ రాదు. అసైన్‌మెంట్లు స్నేహితుల దగ్గర చూసి రాసేవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే. స్వయంలోనే ఇతర సంస్థలు నడిపే కోర్సులకు మార్కుల విభజన వేరుగా ఉంటుంది. చేరేముందు చూసుకోవాలి.

ప్రయోగం మాటేమిటి?

రెండో మలుపు ఇది. చరిత్ర పాఠానికి, సైన్స్ పాఠానికి ఉన్న తేడా కూడా ఇదే. టైట్రేషన్‌ను వీడియోలో వందసార్లు చూడవచ్చు. బ్యూరెట్ పట్టుకుని, చివరి చుక్క దగ్గర చెయ్యి ఆపి, ఫినాఫ్తలీన్ లేత గులాబీ రంగులోకి మారి నిలిచిన క్షణాన్ని పట్టుకోవడం వీడియో నేర్పదు. ఒక్క చుక్క ఎక్కువైతే ముదురు రంగు వస్తుంది, లెక్క తప్పుతుంది. ఆ తప్పు మన చేతులతో జరిగితేనే చదువు వస్తుంది.

దూరవిద్య నడిపినవారికి ఈ సమస్య మొదటి నుంచీ తెలుసు. బ్రిటన్‌లోని ఓపెన్ యూనివర్సిటీ 1971లో పాఠాలు మొదలుపెట్టినప్పుడు సైన్స్ విద్యార్థుల ఇళ్ళకు ప్రయోగ సామగ్రిని పెట్టెల్లో పంపింది. అందులో చిన్న మైక్రోస్కోపు కూడా ఉండేది. వేసవిలో వారం రోజులు విద్యార్థులను ఒకచోటికి పిలిపించి శిక్షణ ఇచ్చేది. మన హైదరాబాద్‌లో 1982లో దేశంలోనే మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. అక్కడ బీఎస్సీ చదివేవారు పాఠాలు ఇంటి దగ్గర చదువుకున్నా, ప్రయోగాలకు అధ్యయన కేంద్రానికి వస్తారు. ఇప్పుడు బ్లెండెడ్ కోర్సు అని కొత్త పేరుతో పిలుస్తున్నది ఈ పద్ధతినే: సిద్ధాంతం దూరం నుంచి, ప్రయోగం దగ్గర నుంచి.

మధ్యలో వర్చువల్ ల్యాబ్స్ ఉన్నాయి. ఐఐటీ ఢిల్లీ ఆధ్వర్యంలో పలు సంస్థలు కలిసి వీటిని తయారుచేశాయి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ కూడా వాటిలో ఒకటి. తెర మీద పరికరాన్ని కదిలిస్తూ ప్రయోగం చేయవచ్చు, ఉచితం. ల్యాబ్‌కు వెళ్ళే ముందురోజు ఒకసారి చేసి చూస్తే ఏ వరుసలో ఏం చేయాలో తెలుస్తుంది. మన కాలేజీలో లేని ఖరీదైన పరికరం ఎలా పనిచేస్తుందో కూడా అర్థమవుతుంది. కానీ అది రిహార్సల్ మాత్రమే. నాటకం ఆడవలసింది ల్యాబ్‌లోనే.

ఈ విషయంలో మనకొక హక్కు ఉందని చాలామందికి తెలియదు. స్వయం కోర్సు చదివే విద్యార్థికి అవసరమైన ప్రయోగశాల, కంప్యూటర్, గ్రంథాలయ సౌకర్యాలను సొంత సంస్థ ఉచితంగా, తగినంతగా కల్పించాలని 2016 నాటి యూజీసీ నిబంధనల్లోనే రాసి ఉంది. కాబట్టి "ఆన్‌లైన్ కోర్సు తీసుకున్నావుగా, నీకు ల్యాబ్ ఎందుకు?" అని ఎవరైనా అంటే తల దించుకోనక్కరలేదు. వినయంగా ఆ నిబంధన గుర్తుచేయండి.

చేరేముందు చేయవలసిన పనులు

1. ముందుగా మీ సిలబస్, ఆన్‌లైన్ కోర్సు సిలబస్ పక్కపక్కన పెట్టుకుని చూడండి. సబ్జెక్టు లెక్చరర్‌కు కూడా చూపించండి.

2. కోర్సు పేరు, వారాలు, క్రెడిట్లు, ఏ పేపరుకు బదులుగా తీసుకుంటున్నారో రాసి ప్రిన్సిపాల్‌కు దరఖాస్తు ఇవ్వండి. అనుమతి కాగితం మీద తీసుకోండి. నోటిమాట నమ్ముకోవద్దు. జిరాక్స్ కాపీ దాచుకోండి.

3. ఆ పేపరుకు ప్రాక్టికల్ ఉంటే ఎక్కడ, ఎప్పుడు చేయిస్తారో అదే దరఖాస్తులో అడగండి.

4. అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో ఖాతా తెరవండి. 2021లో మొదలైన ఈ ఏర్పాటు బ్యాంకు పాసుపుస్తకం లాంటిది. అందులో క్రెడిట్లు జమచేసేది సంస్థే కాని మనం కాదు. సర్టిఫికెట్ మీద, ఖాతాలో, పదో తరగతి మెమోలో పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి.

5. ఎన్‌పీటీఈఎల్ పరీక్ష రుసుములో ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు రాయితీ ఉంది. ధ్రువపత్రాన్ని ముందే స్కాన్ చేయించి పెట్టుకోండి. పరీక్షకు విడిగా నమోదు చేసుకోవాలి, దాని గడువును క్యాలెండర్ మీద రాసుకోండి.

6. ఇంగ్లీషు పాఠం కష్టమైతే భయపడకండి. కొన్ని కోర్సులకు తెలుగు అనువాదాలున్నాయి. లేనివాటికి ఇంగ్లీషు పాఠం అచ్చు ప్రతి ముందు చదివి, ఆ తర్వాత వీడియో వినండి. రెండోసారి తప్పక అర్థమవుతుంది.

7. ఒక్కరే చదవకండి. హాస్టల్‌లో నలుగురు కలిసి ఒకే కోర్సు తీసుకుంటే ఒకరు డౌన్‌లోడ్ చేసిన పాఠం నలుగురూ చూడవచ్చు. మధ్యలో మానేయాలనిపించినప్పుడు ఒకరినొకరు లేపుకోవచ్చు. మొదట 4 వారాల కోర్సుతో మొదలుపెట్టడం మంచిది.

చివరగా

చుట్టపుచూపుగా వెళ్ళినవాడు ఆ ఇంటి భోజనం తిని వస్తాడు. మనం వెళ్ళేది భోజనానికి కాదు. మన కాలేజీలో దొరకని చదువును తెచ్చుకుని, మన మార్కుల జాబితాలో చేర్చుకోవడానికి. అందుకు వెళ్ళేముందు ఇంట్లో చెప్పి వెళ్ళాలి, అదే అనుమతి. వచ్చాక చేతితో చేసి చూడాలి, అదే ప్రయోగం. ఈ రెండూ మరచిపోకపోతే, పట్నంలో గది అద్దెకు తీసుకునే స్తోమత లేకపోయినా ఐఐటీ ప్రొఫెసర్ పాఠం మన ట్రంకు పెట్టె పక్కనే కూర్చుని వినవచ్చు.

నాకు తెలియక పోయిన ఆ సెమిస్టర్ తిరిగి రాదు. ఈ సంచిక చదివిన ఒక్క తమ్ముడో, చెల్లెలో ముందుగా ఒక దరఖాస్తు రాసి సంతకం చేయించుకుంటే, మా అమ్మ కట్టిన ఆ 1000 రూపాయలు వృథా కాలేదనుకుంటాను.