పాత ఓడలో దూర ప్రయాణం: అపోహలు – వాస్తవాలు

లండన్ శివారైన మన హారోకి సముద్రం లేదు కానీ, రేవు మరీ దూరం కాదు. హారో ఆన్ ది హిల్‌లో మెట్రోపాలిటన్ లైన్ ఎక్కి ఆల్డ్‌గేట్‌లో దిగి, కొద్ది దూరం నడిచి ఫెన్‌చర్చ్ స్ట్రీట్‌లో మరో రైలు ఎక్కితే టిల్బరీ. థేమ్స్ నది ఒడ్డున ఉన్న ఆ రేవు నుంచి బయల్దేరే ఓడల్లో చాలావరకు పాతవి, ఈ రోజుల లెక్కలో చిన్నవి. అక్కడి నుంచి తిరిగే ఆంబియెన్స్ ఇటలీలో కట్టిన ఓడ, 1991లో రీగల్ ప్రిన్సెస్ పేరుతో సేవలోకి వచ్చింది. సౌతాంప్టన్ వైపు తరచుగా కనిపించే బాల్మోరల్ 1988 నాటిది. వారం రోజుల నార్వే యాత్ర నుంచి నెలల తరబడి సాగే దూర ప్రయాణాల దాకా ఇలాంటి ఓడలు చేస్తాయి.

మన తెలుగు ఇళ్లలో ఈ ఓడల మాట సాధారణంగా రెండు సందర్భాల్లో వస్తుంది. అమ్మానాన్నలు ఊరి నుంచి వచ్చి ఆరు నెలలు ఉన్నప్పుడు ఒకటి. పిల్లలు యూనివర్సిటీలకు వెళ్లిపోయి, ఇన్నేళ్లూ ఉద్యోగమే సరిపోయింది, ఇక మనకోసం ఏదైనా చేసుకుందాం అనుకున్నప్పుడు రెండోది. అప్పుడు వినిపించే మాటల్లో చాలావాటికి ఆధారం లేదు. కొన్ని అపోహలు భయపెట్టి ఆపేస్తాయి. వాటివల్ల పోయేది ఒక ప్రయాణం, అంతే. కొన్ని మాత్రం లేనిపోని ధైర్యమిచ్చి ఓడ ఎక్కిస్తాయి. నా భయమంతా ఆ రెండో రకం గురించే.

అపోహ: పాత ఓడ అంటే ప్రాణాలకు ముప్పు

టైటానిక్ మునిగింది తొలి ప్రయాణంలో. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో రాతిని ఢీకొని 32 మంది మరణానికి కారణమైన కోస్టా కాంకార్డియా సేవలోకి వచ్చి అప్పటికి ఆరేళ్లు కూడా నిండలేదు. 1956లో స్టాక్‌హోమ్ అనే ఓడ ఢీకొనడంతో మునిగిపోయిన ఆండ్రియా డోరియా సర్వీసులోకి వచ్చి మూడున్నరేళ్లే అయింది. ముందు భాగం నుజ్జునుజ్జైన స్టాక్‌హోమ్ మాత్రం మరమ్మతు చేయించుకుని, ఎన్నో పేర్లు మారి, చివరికి అస్టోరియాగా 2020 దాకా ప్రయాణికులను తిప్పింది. అది 1948లో సేవలోకి వచ్చిన ఓడ.

అంతర్జాతీయ ప్రయాణం చేసే ఏ ప్రయాణికుల ఓడకైనా భద్రతా సర్టిఫికెట్ గడువు ఏడాదికి మించదు. ఏటా తనిఖీలో నెగ్గితేనే మళ్లీ ఇస్తారు. ఐదేళ్లలో కనీసం రెండుసార్లు నీళ్లలోంచి బయటికి తీసి, డ్రై డాక్‌లో అడుగు భాగం చూడాలి. లోపలి నిర్మాణంలో మండే సామగ్రి వాడకూడదన్న నిబంధన 2010 అక్టోబరు నుంచి పాత ఓడలకూ వర్తించింది. మార్చలేనివి పక్కకు తప్పుకున్నాయి. బాల్మోరల్‌నైతే 2007–08లో హాంబర్గ్‌లో మధ్యకు కోసి, 30 మీటర్ల కొత్త భాగం అతికి పొడవు పెంచారు. కట్టిన సంవత్సరం ఒక్కటే చూసి ఓడను అంచనా వేయడం సరికాదు.

అలాగని పాతదానికీ కొత్తదానికీ తేడాయే లేదని చెబితే అది ఇంకో అపోహ అవుతుంది. 2010 జులై తర్వాత నిర్మాణం మొదలైన పెద్ద ప్రయాణికుల ఓడలు, ఒక భాగంలో మంటలు చెలరేగినా నీళ్లు చేరినా సొంత శక్తితోనే రేవుకు చేరగలిగేలా ఉండాలి. అంతకు ముందు కట్టినవాటికి ఈ నిబంధన లేదు. రోజువారీ ఇబ్బందులు వేరే ఉంటాయి. ఏసీ మొరాయించడం, టాయిలెట్ల పైపులు పట్టేయడం, వెనక భాగం క్యాబిన్లలో ఇంజన్ అదురు, చిన్న బాత్రూమ్. నీళ్ల గొట్టం ఉండదు కాబట్టి ఒక ప్లాస్టిక్ మగ్గు పెట్టుకెళ్లడం మంచిది. ఇవన్నీ సౌకర్యానికి సంబంధించిన లోపాలు. భద్రత కోసం మీరు చేయాల్సింది ఒకటుంది. ఓడ కదలకముందు, లేదా కదిలిన వెంటనే జరిగే అత్యవసర కసరత్తుకు శ్రద్ధగా హాజరవ్వండి. కాంకార్డియాలో కొత్తగా ఎక్కినవాళ్లకు అది జరగకముందే ప్రమాదం జరిగింది. ఆ తర్వాతే 2015 జనవరి నుంచి ఈ నియమం కట్టుదిట్టం చేశారు.

అపోహ: చిన్న ఓడ అల్లాడిపోతుంది, వాంతులతోనే సరిపోతుంది

ఊగడం పరిమాణం ఒక్కదాని మీదే ఆధారపడదు. ఓడ అడుగు నీళ్లలో ఎంత లోతుకు దిగి ఉంది, ముందు భాగం ఆకారం ఏమిటి, అల ఎటునుంచి వస్తోంది, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. 1965లో కట్టిన మార్కో పోలో మొదట అలెగ్జాండర్ పుష్కిన్ పేరుతో అట్లాంటిక్ దాటడానికే పుట్టిన సోవియట్ ఓడ. టిల్బరీ నుంచి ఏళ్ల తరబడి తిరిగింది. నీళ్లలో లోతుగా కూర్చునే ఆ తరహా ఓడలు ఇష్టపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పక్కలకు ఊగకుండా నీళ్లలో రెక్కల్లాంటి స్టెబిలైజర్లు పనిచేస్తాయి. ముందూ వెనకా ఎగిసిపడటాన్ని అవి ఆపలేవు. బిస్కే అఖాతంలో శీతాకాలపు గాలి లేస్తే ఎంత పెద్ద ఓడైనా కదులుతుంది.

క్యాబిన్ ఎంచుకునేటప్పుడు కింది డెక్, ఓడ మధ్య భాగం అడగండి. అక్కడ కదలిక తక్కువ, ధర కూడా తక్కువే. చాలామందికి రెండు మూడు రోజుల్లో ఒళ్లు అలవాటు పడుతుంది. అల్లం కొందరికి పనిచేస్తుంది. మాత్రలు వేసుకునేవాళ్లు బీపీ, గ్లకోమా, ప్రోస్టేట్ సమస్యలుంటే ముందు ఫార్మసిస్టును అడగాలి. వికారం మొదలయ్యాక వేసుకుంటే ఫలితం తక్కువ.

చిన్న ఓడకు ఉన్న అసలు లాభం ఇరుకు దారుల్లో తెలుస్తుంది. 2019 అక్టోబరులో బ్రేమార్ అనే ఓడ గ్రీసులో కొరింత్ కాలువ దాటింది. ఓడ వెడల్పు 22.5 మీటర్లు, కాలువ ఇరుకైన చోట 24 మీటర్లు. ఏడెనిమిది వేలమందిని మోసే కొత్త ఓడలు ఇలాంటి చోట్లకు వెళ్లలేవు.

అపోహ: శాకాహారులు పస్తులుండాలి

బ్రిటన్ నుంచి తిరిగే ఓడల్లో భారతీయ సిబ్బంది తక్కువేం కాదు, వంటింట్లో కూడా. బుక్ చేసేటప్పుడే శాకాహారమని, గుడ్డు తింటారో లేదో, ఉల్లి వెల్లుల్లి పడతాయో లేదో రాతపూర్వకంగా చెప్పాలి. ఎక్కిన మొదటిరోజే భోజనశాల పర్యవేక్షకుడితో మాట్లాడాలి. చిన్న ఓడలో ఈ మాట వంటవాడిదాకా త్వరగా వెళ్తుంది. పప్పూ అన్నం రోజూ దొరుకుతాయని హామీ ఇవ్వలేను కానీ, అడిగినవాళ్లకు పస్తులుండే పరిస్థితి రాదు.

రైస్ కుక్కర్, కెటిల్, ఇస్త్రీ పెట్టె తీసుకెళ్లకండి. తనిఖీలో పక్కన పెట్టేస్తారు. క్యాబిన్‌లో దీపం, అగరొత్తి వెలిగించడం కూడా నిషేధమే. ఓడలో నిప్పుకు మించిన శత్రువు లేదు. పూజ మానలేని పెద్దవాళ్లకు బ్యాటరీ దీపం కొనిపెట్టండి. ఆవకాయ సీసా విషయంలో కంపెనీ నియమం ముందే కనుక్కోండి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ రేవుల్లో మాత్రం ఏ తిండి పదార్థమూ ఒడ్డుకు తీసుకెళ్లకండి. అక్కడ జరిమానాలు భారీగా ఉంటాయి.

అపోహ: నెలల తరబడి నీళ్లు చూసి విసుగెత్తిపోతాం

1905లో పదిహేనేళ్ల నెహ్రూ హారో స్కూల్లో చేరడానికి వచ్చింది ఓడలోనే. ఆ కాలంలో ఓడ గమ్యం చేర్చే వాహనం. ఈ ఓడల్లో ప్రయాణమే గమ్యం కాబట్టి, ఒడ్డు కనిపించని రోజులు వరసగా ఐదారు కూడా వస్తాయి. పెద్ద ఓడల్లోలా జారుడుబండలు, ఐస్ రింకులు ఉండవు. గ్రంథాలయం, ఉపన్యాసాలు, పేకాట బల్లలు, పాటల బృందం ఉంటాయి. ఎదురుపడేది మళ్లీ ఆ మనుషులే. వారం తిరిగేసరికి ఎవరు ఏ కుర్చీలో కూర్చుంటారో అందరికీ తెలుస్తుంది. కాలువ గట్టు మీద సాయంత్రాలు గడిపిన మన పెద్దవాళ్లకు ఈ పద్ధతి కొత్తేం కాదు. కొత్తగా ఉండేది భాష. ఇంగ్లిష్ తడబడుతున్న తల్లిదండ్రులను ఒంటరిగా వంద రోజుల ఓడ ఎక్కించడం నాకు సమ్మతం కాదు. ముందు ఒక వారం మీరూ తోడు వెళ్లి చూడండి. కొన్ని కంపెనీల ఓడల్లో 18 ఏళ్లలోపువారికి ప్రవేశం లేదు కాబట్టి మనవలతో వెళ్లాలనుకుంటే అదీ చూసుకోవాలి.

ఎటు తిరుగుతారన్నది కూడా ముఖ్యం. పడమరగా భూమిని చుట్టే ఓడలో గడియారం వెనక్కి జరుగుతుంటుంది, గంట అదనంగా నిద్ర దొరుకుతుంది. తూర్పుగా వెళ్తే మాటిమాటికీ గంట పోతుంది. వయసు పైబడినవాళ్లు, వేళ ప్రకారం ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఈ తేడాను డాక్టరుతో ముందే మాట్లాడుకోవాలి.

ఇక ధైర్యమిచ్చే అపోహలు.

అపోహ: బ్రిటన్ వీసా ఉంది కాబట్టి ఓడ ఎక్కేయొచ్చు

ఈ ఒక్క మాట నమ్మి టికెట్ డబ్బు పోగొట్టుకోవడం చాలా సులభం. భారత పాస్‌పోర్టుతో వచ్చిన తల్లిదండ్రులకు నార్వే, ఐస్‌లాండ్, స్పెయిన్ రేవులకు షెంగెన్ వీసా కావాలి. కానరీ దీవులు స్పెయిన్‌వే. మధ్యలో షెంగెన్ బయటి రేవులుంటే ఎన్నిసార్లయినా ప్రవేశించే వీసా ఉండాలి. తిరిగి టిల్బరీలో దిగడానికి బ్రిటన్ వీసా చెల్లుబాటులో ఉండాలి. దూర ప్రయాణమైతే అమెరికా, ఆస్ట్రేలియా వీసాల సంగతి వేరే. ఒడ్డుకు దిగను, ఓడలోనే కూర్చుంటాను అంటే కుదరదు. కాగితం లేకపోతే రేవులోనే ఆపేస్తారు, డబ్బు తిరిగి రాదు.

ఇక్కడ స్థిరపడే దారిలో ఉన్నవాళ్లకు మరో లెక్క ఉంది. వర్క్ వీసా మీద శాశ్వత నివాసానికి ఏ 12 నెలల్లోనూ 180 రోజులకు మించి దేశం బయట ఉండకూడదు. పౌరసత్వానికి ఐదేళ్లలో 450 రోజులు, చివరి ఏడాదిలో 90 రోజులు హద్దు. టిల్బరీలో ఎక్కి టిల్బరీలోనే దిగినా, మధ్య రోజులన్నీ దేశం బయట గడిపినట్టే. వంద రోజుల ప్రయాణం ఆ 90 హద్దును దాటిపోతుంది. హోం ఆఫీస్ కొంత వెసులుబాటు ఇవ్వొచ్చు కానీ, దాన్ని నమ్ముకుని టికెట్ కొనకూడదు.

అపోహ: ఓడలో డాక్టర్ ఉంటాడు, ఇన్సూరెన్స్ దండగ

ఓడలో డాక్టరు, నర్సులు, కొన్ని పరీక్షలు, ప్రాథమిక అత్యవసర చికిత్స ఉంటాయి. హారో దగ్గరి నార్త్‌విక్ పార్క్ ఆసుపత్రిలో దొరికే వైద్యం అక్కడ దొరకదు. చూపించుకున్న ప్రతిసారీ బిల్లు వస్తుంది. ఎన్‌హెచ్‌ఎస్ ఇచ్చే గ్లోబల్ హెల్త్ కార్డు క్రూజ్‌లకు పనిచేయదు. గుండెనొప్పి వచ్చి హెలికాప్టర్‌లో దించాల్సివస్తే ఆ ఖర్చు మోయడం మధ్యతరగతి కుటుంబానికి అసాధ్యం. అందుకే క్రూజ్ అని స్పష్టంగా రాసి ఉన్న పాలసీ తీసుకోవాలి. షుగర్, బీపీ, పాత స్టెంటు, ఏదీ దాచకుండా చెప్పాలి. దాచిన పాలసీ అవసరం వచ్చిన రోజున చెల్లదు. మీ జీపీ సాధారణంగా మూడు నెలలకు మించి మందులు రాయరు, కాబట్టి అంతకంటే పొడవైన ప్రయాణానికి ముందే ఏర్పాటు చూసుకోవాలి. మందులు చేతి సంచిలోనే ఉండాలి, పెట్టెలో వద్దు.

టికెట్‌లోనే అన్నీ కలిసి ఉంటాయన్నది కూడా తప్పే. పానీయాలు, ఇంటర్నెట్, ఒడ్డు మీది టూర్లు, చాలాచోట్ల టిప్పులు విడిగా కట్టాలి.

అపోహ: ఓడలో ఉద్యోగం అంటే జీతంతో కూడిన విహారం

మన ఊళ్లలో కుర్రాళ్లకు ఇది చాలా ఆశ పెట్టే మాట. 1990లో నార్డిక్ ఎంప్రెస్‌గా మొదలైన పాత ఓడ కార్డెలియా క్రూజెస్ కంపెనీ వారి ఎంప్రెస్‌గా 2022 జూన్‌లో విశాఖకు వచ్చింది. మరుసటి ఏడాది అక్కడ క్రూజ్ టెర్మినల్ తెరిచారు. ఆ తెల్లటి ఓడను తీరం నుంచి చూసినవాళ్లకు దాని కింది డెక్‌ల్లో ఏం జరుగుతుందో కనిపించదు. అంతర్జాతీయ నియమం ప్రకారం సిబ్బందికి ఇవ్వాల్సిన కనీస విశ్రాంతి రోజుకు 10 గంటలు, వారానికి 77 గంటలు. అంటే వారానికి 91 గంటల పని చేయించుకున్నా ఆ హద్దు దాటినట్టు కాదు. నెలల తరబడి వారాంతపు సెలవు లేకుండా, కిటికీ లేని గదిలో మరొకరితో సర్దుకుంటూ పనిచేస్తారు.

2020లో కోవిడ్‌తో ప్రయాణాలు ఆగినప్పుడు ఈ నిజం టిల్బరీలో బయటపడింది. క్రూజ్ అండ్ మారిటైమ్ వాయేజెస్ కంపెనీ నడిపిన పాత ఓడలను జూన్‌లో బ్రిటన్ తీరరక్షక సంస్థ తనిఖీ చేసి నిర్బంధించింది. ఆలస్యమైన జీతాలు, గడువు తీరిన ఒప్పందాలు బయటికొచ్చాయి. ఇళ్లకు వెళ్లలేక ఆ ఓడల్లో చిక్కుకున్నవారిలో భారతీయులు వందల్లో ఉన్నారు. జులై 20న కంపెనీ మూతపడింది. మార్కో పోలో 2021లో గుజరాత్‌లోని అలంగ్‌లో ముక్కలైంది. ఓడలకు ముసలితనం వచ్చినందుకు కాదు ఆ మనుషులు ఇబ్బంది పడింది. వాళ్ల జీతానికి పూచీ పడినవారు నిలబడకపోవడం వల్ల.

మీ చుట్టాల్లో, మీ ఊళ్లో ఏ కుర్రాడైనా ఓడ ఉద్యోగం వచ్చిందని ఫోన్ చేస్తే రెండు మాటలు చెప్పండి. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర ఏజెంటు రుసుము తీసుకోవడం నిబంధనలకు విరుద్ధం. ఆ ఏజెంటుకు భారత డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చిన లైసెన్సు ఉందో లేదో ఆ సంస్థ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. లైసెన్సు నంబరు దొరకకపోతే ఒక్క రూపాయి కూడా కట్టొద్దని, పాస్‌పోర్టు చేతికివ్వొద్దని గట్టిగా చెప్పండి.