పాడి రైతు పొలంలో పాటల జాతర
కోల్డ్‌ప్లే బృందానికి అయిదోసారి అగ్రస్థానం

ఇంగ్లండులోని సోమర్‌సెట్ ప్రాంతంలో పిల్టన్ అనే పల్లె ఉంది. అక్కడ ఒక పాడి రైతు పొలంలో జూన్ నెలాఖరున జరిగే గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవానికి 2 లక్షల మంది దాకా తరలివస్తారు. రైతు మైకేల్ ఈవిస్ 1970లో దీనిని ప్రారంభించినప్పుడు టిక్కెట్టు ఒక్క పౌను, పాలు ఉచితం. వచ్చినవారు సుమారు 1,500 మంది మాత్రమే.

ఈ జాతరలో ప్రధాన వేదికపై రాత్రి చివరి కచేరీ దక్కడం ఏ బృందానికైనా గొప్ప గౌరవం. కోల్డ్‌ప్లే అనే రాక్ బృందానికి అది 2002లో మొదటిసారి దక్కింది. అప్పటికి వారి ఆల్బమ్ ఒక్కటే బయటికి వచ్చింది. రెండవది ఇంకా విడుదల కాలేదు. తడబడితే అంత జనం ముందు పరువు పోయే ఘట్టం. అయినా నెగ్గుకొచ్చారు. 2005, 2011, 2016లలో మళ్లీ పిలుపు వచ్చింది. 2016లో 80 ఏళ్ల ఈవిస్ స్వయంగా వేదికెక్కి వారి సరసన పాడడం విశేషం. 2024లో అయిదోసారి పాడి, మరెవరికీ లేని రికార్డు నెలకొల్పారు.

అన్నట్టు, కొన్నేళ్లకొకసారి నేల కోలుకోవడానికి జాతర ఆపేస్తారు. 2018లో అలాగే ఆపారు. ఎంతటి గాయకులైనా ఆ ఏడు పచ్చిక మొలిచేదాకా ఆగవలసిందే!