కుక్కలలో దురద, అలర్జీలు: కారణం గుర్తించి చికిత్స చేయించే విధానం

పొలం గట్టున, పశువుల కొట్టం వద్ద, ధాన్యం కళ్లంలో కాపలా తిరిగే కుక్క రైతు కుటుంబంలో ఒకటి. అడవి పందుల రాకను, అపరిచితుల అలికిడిని ముందుగా పసిగట్టేది అదే. అటువంటి కుక్క రాత్రంతా గోక్కుంటూ, తోక మొదలు కొరుక్కుంటూ, పాదాలు నాకుకుంటూ గడిపితే కాపలా సాగదు, ఇంటివారికి నిద్రా ఉండదు. ఆ స్థితిలో చాలాచోట్ల జరిగేది ఒకటే. పంటకు వాడగా మిగిలిన పురుగుమందును నీటిలో కలిపి కుక్క ఒంటిపై పోస్తారు. లేదా వాడేసిన ఇంజన్ ఆయిలో, కిరోసినో పూస్తారు. పూసిన కొద్ది గంటలకే నోటివెంట చొంగ కారి, ఒళ్లు వణికి, ప్రాణం విడిచిన కుక్కలు ఉన్నాయి.

మిరపలో ఆకులు పైకి ముడుచుకుంటే తామర పురుగు అనీ, కిందికి ముడుచుకుంటే తెల్లనల్లి అనీ రైతు గుర్తిస్తాడు. కారణం తేల్చుకొన్న తరువాతే మందు ఎంచుకొంటాడు. కుక్క చర్మం విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. దురద ఒక లక్షణమే గాని వ్యాధి కాదు. దాని వెనుక పరాన్నజీవులు, సూక్ష్మజీవులు, ఆహారం, పరిసరాలు అనే నాలుగు రకాల కారణాలు ఉండవచ్చు. ఒక్కొక్క దానిని వరుసక్రమంలో పరిశీలించి తొలగించుకుంటూ పోవడమే సరైన పద్ధతి. అలర్జీ అనే నిర్ధారణ ఈ వరుసలో చివర రావాలి.

దురద ఎక్కడ, ఎప్పుడు?

పశువైద్యుని వద్దకు వెళ్లేముందు యజమాని గమనించవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. దురద ఏ వయసులో మొదలైంది, ఏడాది పొడవునా ఉన్నదా లేక ఒక ఋతువులోనే వస్తున్నదా, ఇంట్లో ఇతర జంతువులకు గాని మనుషులకు గాని దురద ఉన్నదా, కుక్క ఏమి తింటున్నది, ఎక్కడ పడుకుంటున్నది అనే వివరాలు రాసి ఉంచుకోవాలి.

శరీరంలో దురద ఉన్న చోటు కూడా కారణాన్ని సూచిస్తుంది.

• నడుము వెనుక భాగం, తోక మొదలు: ఫ్లీల కాటు వలన కలిగే అలర్జీ.
• చెవి అంచులు, మోచేతులు, వెనుక కాళ్ల మడమ కీళ్లు: గజ్జి.
• పాదాలు, ముఖం, చెవుల లోపలి భాగం, చంకలు, పొట్ట: పరిసరాల అలర్జీ లేదా ఆహార అలర్జీ.
• గుండ్రంగా వెంట్రుకలు రాలిన మచ్చలు, దురద తక్కువ: తామర.

ఇవి సూచనలే. వీటితోనే నిర్ధారణకు రాకూడదు.

మొదటి మెట్టు: బాహ్య పరాన్నజీవులు

ఫ్లీలు రెక్కలు లేకుండా గెంతే చిన్న గోధుమరంగు పురుగులు. వెంట్రుకల మధ్య వేగంగా కదులుతాయి గనుక కంటికి దొరకకపోవచ్చు. అలర్జీ ఉన్న కుక్కకు వాటి లాలాజలం పడదు. కొద్దిపాటి కాట్లతోనే రోజుల తరబడి దురద ఉంటుంది. వీటి ఉనికిని ఇంటివద్దే పరీక్షించవచ్చు. కుక్కను తెల్ల కాగితంపై నిలబెట్టి సన్నపళ్ల దువ్వెనతో దువ్వాలి. రాలిన నల్లని రేణువులపై నీటి చుక్కలు వేస్తే ఎర్రటి మరక వ్యాపిస్తుంది. ఆ రేణువులు జీర్ణమైన రక్తంతో కూడిన ఫ్లీల విసర్జితాలు.

కుక్క ఒంటిపై కనిపించే ప్రౌఢ ఫ్లీలు మొత్తం సంతతిలో సుమారు 5 శాతం మాత్రమే. మిగిలిన 95 శాతం గుడ్లు, లార్వాలు, కోశస్థ దశల రూపంలో పడక, నేల పగుళ్లు, గోనెసంచులలో ఉంటాయి. కోశస్థ దశ నెలల తరబడి నిద్రాణంగా ఉండగలదు. అందువలన ఒక్కసారి మందు వేసి ఊరుకుంటే రెండు మూడు వారాలలో సమస్య తిరిగి వస్తుంది. ఇంట్లోని కుక్కలు, పిల్లులన్నింటికీ ఒకేసారి, కనీసం 3 నెలలపాటు నివారణ కొనసాగించాలి. పడక గుడ్డలను వారానికొకసారి వేడినీటితో ఉతికి ఎండలో ఆరవేయాలి. కుక్కలకు వాడే పెర్మెత్రిన్ మందులు పిల్లులకు ప్రాణాంతకం కనుక రెండూ ఉన్న ఇళ్లలో ప్రత్యేక జాగ్రత్త అవసరం.

గోమార్లు రక్తం తాగి ఉబ్బిన తరువాత కుక్కను విడిచి గోడ పగుళ్లలో చేరి వేలకొద్దీ గుడ్లు పెడతాయి. ఇవి దురదతో పాటు ఎర్లీకియా, బబీసియా వంటి ప్రమాదకరమైన రక్త వ్యాధులను వ్యాపింపజేస్తాయి. కొట్టం గోడల పగుళ్లను సిమెంటుతో పూడ్చడం మందుతో సమానమైన నివారణ.

గజ్జి నల్లి చర్మంలో సొరంగాలు చేసుకొని నివసిస్తుంది. దురద అతి తీవ్రంగా ఉంటుంది. కుక్కను ఎత్తుకొనే పిల్లలకు, పెద్దలకు చేతులపై, పొట్టపై దద్దుర్లు రావడం ఈ వ్యాధికి ముఖ్యమైన ఆనవాలు. పశువైద్యులు చర్మాన్ని గీకి సూక్ష్మదర్శినిలో పరీక్షిస్తారు. నల్లి దొరకకపోయినా గజ్జి లేదని చెప్పలేరు గనుక అనుమానం ఉంటే చికిత్స చేసి చూస్తారు. డెమోడెక్స్ అనే మరొక నల్లి వెంట్రుకల కుదుళ్లలో ఉంటుంది. ఇది ఎక్కువగా లేత కుక్కలలో వెంట్రుకలు రాలేలా చేస్తుంది, మనుషులకు అంటదు.

ఇప్పుడు ఫ్లూరలానర్, అఫాక్సోలానర్ వంటి నోటి మాత్రలు ఫ్లీలు, గోమార్లు, గజ్జి నల్లి మూడింటిపైనా పనిచేస్తున్నాయి. మూర్ఛ చరిత్ర ఉన్న కుక్కలకు వీటిని వాడేముందు వైద్యునికి తెలియజేయాలి. పశువులకు తెచ్చిన ఐవర్‌మెక్టిన్ ఇంజక్షన్‌ను అంచనా మోతాదులో కుక్కకు వేయడం ప్రమాదకరం. కోలీ జాతి, దాని సంకరాలలో ఉండే ఒక జన్యులోపం వలన ఈ మందు మెదడులోకి చేరి మరణం సంభవించవచ్చు.

రెండవ మెట్టు: బాక్టీరియా, ఈస్టు

గోకిన చర్మం పగిలితే బాక్టీరియా చేరి చీముపొక్కులు, పక్కులు ఏర్పడతాయి. వర్షాకాలపు తేమలో మలసీజియా అనే ఈస్టు పెరిగి చర్మం జిడ్డుగా, నల్లగా, ఏనుగు చర్మంలా మందంగా మారుతుంది. పుల్లటి దుర్వాసన వస్తుంది. ఇవి సాధారణంగా మరొక మూల కారణంపై ఆధారపడి వచ్చేవే అయినా, తమంతట తాము దురదను రెట్టింపు చేస్తాయి. వీటిని తగ్గించనిదే అసలు కారణం బయటపడదు. చర్మంపై అద్ది తీసిన గాజు పలక పరీక్షతో వీటిని కొద్ది నిమిషాలలో గుర్తించవచ్చు.

క్లోర్‌హెక్సిడిన్ కలిగిన షాంపూను వైద్యుని సూచన మేరకు వాడాలి. నురుగును 10 నిమిషాలు ఒంటిపై ఉంచి, ఆ తరువాత బాగా కడిగి, వేళ్ల సందులు తడిలేకుండా తుడవాలి. మనుషుల సబ్బులు, బట్టల సబ్బులు కుక్క చర్మానికి సరిపడవు.

మూడవ మెట్టు: ఆహారం

ఆహార అలర్జీ సాధారణంగా మాంసకృత్తుల వలన వస్తుంది. అది కొత్త ఆహారానికే వస్తుందన్నది అపోహ. ఏళ్ల తరబడి తింటున్న పదార్థానికీ రావచ్చు. 2016లో ప్రచురితమైన ఒక సమీక్షలో 297 కుక్కల వివరాలు పరిశీలించగా గొడ్డు మాంసం 34 శాతం, పాల పదార్థాలు 17 శాతం, కోడి మాంసం 15 శాతం, గోధుమ 13 శాతం కుక్కలలో కారణాలుగా తేలాయి. తెలుగు పల్లెలలో పెరుగన్నం, పాలు, కోడి మాంసపు మిగుళ్లే కుక్కల ప్రధాన ఆహారం కనుక ఈ సమాచారం ఇక్కడ ఉపయోగపడుతుంది.

దీనిని తేల్చడానికి రక్త పరీక్షలు నమ్మదగినవి కావు. ఆహార పరీక్షే మార్గం. కుక్క ఇంతవరకు తినని ఒక మాంసకృత్తును, ఒక పిండిపదార్థాన్ని ఎంచుకోవాలి. ఉదాహరణకు కోడి మాంసం, పెరుగన్నం మీద పెరిగిన కుక్కకు చేప, చిలగడదుంప ఉడికించి పెట్టవచ్చు. ఉప్పు, కారం, నూనె, ఉల్లి, వెల్లుల్లి చేర్చరాదు. ఉల్లి కుక్కల ఎర్ర రక్తకణాలను ధ్వంసం చేస్తుంది. ఈ ఆహారం కనీసం 8 వారాలు ఇవ్వాలి. పెరిగే పిల్లలకు ఇది సమతులాహారం కాదు గనుక వైద్యుని సలహా తప్పనిసరి.

ఈ పరీక్ష విఫలం కావడానికి ప్రధాన కారణం మధ్యలో దొంగచాటుగా అందే ముద్దలు. పొలం కుక్క కోళ్ల దాణా, పశువుల తొట్టిలోని తౌడు, పక్కింటివారు వేసే ఎముకలు తింటుంది. కాబట్టి ఆ 8 వారాలూ దానిని కట్టి ఉంచి, ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాలి. దురద తగ్గితే పాత ఆహారం మళ్లీ పెట్టి చూడాలి. రెండు వారాలలోపు దురద తిరిగి వస్తే ఆహార అలర్జీ నిర్ధారణ అయినట్లే. ఆ తరువాత ఒక్కొక్క పదార్థాన్నీ విడివిడిగా చేర్చి దోషిని పట్టుకోవాలి.

నాలుగవ మెట్టు: పరిసరాలు

పై మూడు మెట్లూ దాటినా దురద మిగిలి ఉంటే అటోపిక్ డెర్మటైటిస్ అని భావిస్తారు. ఇది వంశపారంపర్య స్వభావం గల అలర్జీ. ఎక్కువగా 6 నెలల నుంచి 3 ఏళ్ల వయసులో మొదలవుతుంది. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, పగ్ వంటి జాతులలో అధికం. ఇంటి ధూళిలోని నల్లులు, పుప్పొడి, బూజు దీనికి ప్రేరకాలు.

వ్యవసాయ క్షేత్రాలలో నిల్వ నల్లులను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. తేమ ఉన్న ధాన్యం, పిండి, తౌడు, కట్టు విప్పి ఉంచిన కుక్కల పొడి ఆహారంలో ఇవి వృద్ధి చెందుతాయి. గింజలలో తేమను 12 శాతం లోపుకు తగ్గించి నిల్వ చేయడం పంటకు ఎంత మేలో కుక్కకూ అంత మేలు. దాని పడకను ధాన్యం గదికి, గడ్డివాముకు దూరంగా మార్చాలి. పొడి ఆహారాన్ని చిన్న సంచులలో కొని, గాలి చొరని డబ్బాలలో ఉంచాలి.

కలుపు మొక్కలూ కారణం కావచ్చు. 1950వ దశకంలో పుణే పరిసరాలలో గుర్తించిన వయ్యారిభామ నేడు గట్లు, బీళ్లు, రోడ్ల పక్కలను ఆక్రమించింది. దానిలోని పార్థెనిన్ మనుషులలో తీవ్రమైన చర్మ అలర్జీని కలిగిస్తుందని తెలిసిన విషయమే. గట్ల వెంట తిరిగే కుక్కలలో వెంట్రుకలు పలుచగా ఉండే పొట్ట, గజ్జలు, వేళ్ల సందులు ఇటువంటి మొక్కలకు నేరుగా తగులుతాయి. పూతకు రాకముందే, చేతి తొడుగులు ధరించి, వేళ్లతో సహా పీకివేయాలి. మెక్సికో నుంచి మన దేశానికి తెచ్చిన జైగోగ్రామా పెంకు పురుగు వర్షాకాలంలో ఈ మొక్క ఆకులను తిని అదుపు చేస్తుంది. అది కనిపించిన చోట పురుగుమందు చల్లరాదు. గరిక, సర్కారు తుమ్మ, తోటకూర జాతి కలుపుల పుప్పొడికి కూడా అలర్జీ కలిగించే గుణం ఉన్నది. ఉత్తరేణి, పల్లేరు కాయలు వేళ్ల మధ్య గుచ్చుకొని ఒక్క పాదాన్నే నాకేలా చేస్తాయి. దీనిని అలర్జీగా పొరబడరాదు. పొలం నుంచి రాగానే పాదాలు, పొట్ట మంచినీటితో కడిగి తుడిస్తే పుప్పొడి చాలావరకు తొలగుతుంది. కలుపు మందు చల్లిన గట్టుపై అది పూర్తిగా ఆరేవరకు కుక్కను తిరగనీయరాదు.

ఉపశమనానికి మందులు

ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్లు దురదను వేగంగా తగ్గిస్తాయి. కారణం తేలకుండా నెలల తరబడి వాడితే దాహం, అతిమూత్రం, చర్మం పలుచబడటం, సూక్ష్మజీవుల దాడి వంటి నష్టాలు కలుగుతాయి. డెమోడెక్స్, తామర ఉన్నప్పుడు వ్యాధి ముదురుతుంది. 2013లో అమెరికాలో అనుమతి పొందిన ఓక్లాసిటినిబ్ మాత్రలు 12 నెలలు దాటిన కుక్కలకు వైద్యుని పర్యవేక్షణలో వాడవచ్చు. మనుషుల జలుబు మాత్రలలో గుండెకు హాని చేసే ఇతర ఔషధాలు కలిసి ఉండవచ్చు కనుక ఇంట్లోని మాత్రలు వేయరాదు. చేప నూనెలోని ఒమేగా-3 కొవ్వులు నెమ్మదిగా, రెండు నెలలు దాటాక ఫలితం ఇస్తాయి. అటోపిక్ డెర్మటైటిస్‌కు శాశ్వత నివారణ లేదు. క్రమం తప్పని సంరక్షణతో అదుపులో ఉంచడం సాధ్యమే.

పంట మందు కుక్కకు విషం

క్లోర్‌పైరిఫాస్, ప్రొఫెనోఫాస్, మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు చర్మం ద్వారా శరీరంలో చేరతాయి. కుక్క తన ఒళ్లు నాకుతుంది గనుక నోటి ద్వారా కూడా చేరతాయి. నాడుల మధ్య సంకేతాలను నియంత్రించే ఎంజైమును ఇవి స్తంభింపజేస్తాయి. చొంగ కారడం, కంటిపాపలు కుంచించుకుపోవడం, వాంతులు, వణుకు, ఆయాసం, మూర్ఛ వరుసగా కనిపిస్తాయి. పుండ్లు పడిన చర్మం విషాన్ని మరింత త్వరగా పీల్చుకొంటుంది. అంటే దురదతో గోకి గోకి పుండ్లు చేసుకొన్న కుక్కకే ఈ మందు అత్యంత ప్రమాదకరం.

పొరపాటున పోసి ఉంటే వెంటనే చేతి తొడుగులు వేసుకొని, తేలికపాటి సబ్బుతో, ధారాళమైన నీటితో కడగాలి. నాకకుండా చూడాలి. బలవంతంగా వాంతి చేయించరాదు. మందు డబ్బాను వెంట తీసుకొని పశువైద్యశాలకు చేర్చాలి. సకాలంలో అట్రోపిన్ అందితే చాలా కుక్కలు బతుకుతాయి.

మరొక హెచ్చరిక అవసరం. వేరే కుక్క కరిచిన చోటనే విపరీతంగా కొరుక్కుంటూ, స్వభావం మారిన కుక్కను రేబిస్ అనుమానంతో చూడాలి. దానిని తాకకుండా వేరుచేసి పశువైద్యాధికారికి తెలపాలి.

ముగింపు

సస్యరక్షణలో రైతు నేర్చుకొన్న క్రమశిక్షణ కుక్క సంరక్షణకు పూర్తిగా పనికివస్తుంది. ముందు పరిశీలన, తరువాత నిర్ధారణ, ఆ తరువాతే మందు. అదీ ఆ జీవికి ఉద్దేశించిన మందు, దాని బరువుకు తగిన మోతాదులో. తోక మొదట్లో దువ్వెన ఆడించి చూడటానికి, పడక మార్చటానికి, 8 వారాలు ఒకే ఆహారం పెట్టటానికి ఖర్చు స్వల్పం, ఓపిక మాత్రం కావాలి. పురుగుమందుల గదికి తాళం వేసి, కుక్కను పశువైద్యశాలకు నడిపించుకొని వెళ్లిన రైతు సగం చికిత్స చేసినట్లే.