ప్రశ్న నిలిచియుండు చోటు

విద్యార్థి యంత్రమున కెదుట నొంటరిగా కూర్చుండి, తెరపై కనబడు పాఠమును చదివి, దానిపై యంత్రము వేయు ప్రశ్నకు మీటలు నొక్కి సమాధానమిచ్చి, తప్పైనచో మరల యత్నించుచు, ఒప్పైనచో ముందుకు సాగుచు విద్య నేర్చుకొనవచ్చునను ఆశయముతో, అమెరికాయందలి ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున డొనాల్డ్ బిట్జర్ అను ఇంజనీరు 1960వ సంవత్సరమున ఒక వ్యవస్థను నిర్మింప మొదలిడెను. దాని పేరు ప్లేటో. తొలుత ఒక్క తెరతో నడచిన యీ ప్రయత్నము 1970వ దశకము నడిమికి వందలాది తెరలను ఒకే పెద్ద కంప్యూటరుతో ముడివేసిన మహావ్యవస్థ యయ్యెను. బిట్జర్ మరి యిద్దరు సహచరులతో గూడి 1964లో దీనికొరకే కనిపెట్టిన ప్లాస్మా తెరపై అక్షరములు నారింజ వన్నెతో వెలుగుచుండెడివి. 1972లో వచ్చిన నాలుగవ రూపమునందు తెరను వ్రేలితో తాకినను యంత్రము గ్రహించెడిది. ఇదంతయు పాఠబోధన కుద్దేశింపబడినదే. అయినను, ఆ తెరల ముందు కూర్చున్నవారికి యంత్రముతో మాటాడుటకంటె ఒకరితో నొకరు మాటాడుకొనుటయందే మక్కువ హెచ్చయ్యెను.

ప్లేటోలోని లోపములను తెలుపుటకు మొదట అందరికిని ఉమ్మడిగా ఒక ఫైలు ఉండెడిది. ఎవరైనను దానిని తెరచి వ్రాయవచ్చును. అట్లే ఎవరైనను ఇతరులు వ్రాసినదానిని మార్పవచ్చును, చెరపవచ్చును. ఏ వాక్యము ఎవరిదో, ఎన్నడు వ్రాయబడినదో నిర్ధారించు మార్గమే లేదు. ఈ చిక్కును తీర్చు పని 1973వ సంవత్సరపు వేసవిలో, ఇంకను ఇరువదేండ్లు నిండని డేవిడ్ వూలీ అను ప్రోగ్రామరునకు అప్పగింపబడెను. అతడు చేసిన యేర్పాటు చూచుటకు మిక్కిలి స్వల్పము: ప్రతి వ్రాతకును వ్రాసినవాని పేరు, తేదీ, సమయము యంత్రమే చేర్చును; దానిని ఇతరులు తాకజాలరు; ఒక ప్రశ్నకు వచ్చిన ప్రత్యుత్తరము లన్నియు, 63 వరకు, ఆ ప్రశ్న క్రిందనే వరుసగా చేరియుండును. నోట్స్ అని పిలువబడిన యీ ప్రోగ్రామునం దొకడు అడిగిన సందేహమునకు మరియొకడు సమాధానమిచ్చి వెడలిపోయిన పిమ్మట, అదే సందేహము గల మూడవవాడు మరల నడుగ నక్కర లేకయే దానిని చదివికొన గలిగెను. విద్యకు గాని, పదిమంది కలిసి చేయు పనికి గాని, ఇంతకంటె ఉపకరించిన ఏర్పాటు కంప్యూటరులపై సంభాషణ చరిత్రలో మరియొకటి లేదని నేను గట్టిగా విశ్వసించుచున్నాను.

అదే సంవత్సరము డగ్ బ్రౌన్ అనునతడు టాకోమాటిక్ అను మరియొక ప్రోగ్రామును వ్రాసెను. దానియందు తెర అడ్డముగా విభజింపబడి, ఐదుగురు తమతమ భాగములలో ఏకకాలమున వ్రాసికొనెడివారు. ఒకడు నొక్కిన ప్రతి అక్షరమును ఆ క్షణముననే తక్కినవారి తెరలపై కనబడుటచే, వాని తడబాటును, దిద్దుబాటును, ఆగి ఆలోచించుటయు గూడ ఎదుటివారి కగపడెడివి. ఇద్దరు ముచ్చటించుకొనుచుండగా ఒకరి తెరను రెండవవారు చూచు సౌకర్యము కూడ పిదప ఏర్పడినది. దూరముననున్న విద్యార్థి ఎక్కడ చిక్కుకొనెనో సలహాదారు స్వయముగా చూచి దారి చూపగలిగెను.

నిలిచియుండు వ్రాత యొకటి, ప్రవహించిపోవు మాట యొకటి: ఈ రెండును వేర్వేరు అవసరములను తీర్చినవి, వేర్వేరు వంశములుగా విస్తరించినవి. ఇల్లినాయ్‌లో చదువుకొని ప్లేటోపై పనిచేసిన రే ఓజీ నిర్మించిన, మొదటి తీరునకు చెందిన లోటస్ నోట్స్ 1989లో వెలువడి, అనేక సంస్థల కార్యాలయములకు ఉమ్మడి వ్రాతపుస్తక మయ్యెను. రెండవ తీరునకు చెందిన ఐ.ఆర్.సి. అను సంభాషణ వ్యవస్థను ఫిన్లండు దేశమున ఔలు విశ్వవిద్యాలయమునందు యార్కో ఓయికారినెన్ 1988లో సృజించెను. అందు మాట వేగముగా నడచును; కాని చేరనివానికి ఆ సమయమున జరిగినదేమియు దక్కదు. గ్లిచ్ అను ఆటను తయారుచేయుచు వేర్వేరు నగరములలో నున్న యొక చిన్న బృందము ఈ ఐ.ఆర్.సి.నే వాడుకొనుచు, దాని లోటును సహింపజాలక, సందేశములను దాచుటకును వెదకుటకును తమంత తాము ఉపకరణములు చేర్చుకొనిరి. 2012లో ఆట మూతపడినది. ఆ ఉపకరణముల అనుభవమునుండి మరుసటి యేట స్లాక్ అను కార్యాలయ సంభాషణ సాధనము ఉద్భవించినది. అయినను, ఒక మాటకు వచ్చిన బదులులను దాని క్రిందనే కూర్చు సౌకర్యము స్లాక్‌లోనికి 2017లో గాని రాలేదు. డేవిడ్ వూలీ 1973లో చేసియిచ్చినది అదియే గదా!

నేడు వాట్సాప్ గ్రూపులలో చదువు చెప్పు ఉపాధ్యాయులను చూచునపుడు నాకు గౌరవమును బాధయు నొక్కసారిగా కలుగును. 2020లో బడులు మూతపడిన నాళ్లలో ఎందరో పిల్లలకు ఆ గ్రూపే తరగతిగది యయ్యెను. అయినను, భిన్నముల లెక్కపై ఒక బాలిక అడిగిన చక్కని ప్రశ్నయు, దానికి గురువు ఓపికతో వ్రాసిన సమాధానమును, మరునాటి శుభోదయములక్రిందను పండుగ శుభాకాంక్షలక్రిందను పూడిపోవును. పరీక్షలవేళ వెదకినను దొరకుట కష్టము. ఇందు గురువు దోషమేమియు లేదు. అట్టి గ్రూపులో మాట నిలువవలె ననుకొనుట, ప్రవహించుటకు కట్టిన కాలువలో నీరు నిలువవలె ననుకొనుట వంటిది. ఏ పనిముట్టు దేనికి కట్టబడినదో ఎరిగి, అత్యవసరమైన మాటను గ్రూపునందును, నిలువదగిన జ్ఞానమును మరియొక చోటను ఉంచు అలవాటు మన పాఠశాలలకును కార్యాలయములకును కావలసియున్నది.

అట్టి చోటు తెలుగున లేకపోలేదు. 2003లో ఆరంభమైన తెలుగు వికీపీడియాలో రచ్చబండ అను పుట కలదు. అది గాక ప్రతి వ్యాసమునకును ఒక చర్చాపుట కలదు. వ్రాసినవాడు చివర నాలుగు టిల్డా గుర్తులు చేర్చినచో వాని పేరును, తేదీయు, సమయమును తమంతనే అచ్చట నిలుచును; ఒకరు చెరపినను పాతరూపము చరిత్రలో పదిలముగా నుండును. తన యూరి వ్యాసమును దిద్ద బూనిన క్రొత్తవాడు, ఆ యూరి పేరు వ్రాయు తీరుపై ఏండ్లక్రిందట ఎవరైన వాదించుకొనియుండిన, ఆ వాదమును మొదటినుండి చదివి, తన అభిప్రాయమును దాని క్రిందనే చేర్పవచ్చును.