ఇంటి విద్యుత్తును కొట్టమునకు కొనిపోవుట



మన పల్లెలలో అనేక గృహములకు పెరటి చివర వేరుగా నొక కొట్టముండును. అందొక ప్రక్క ట్రాక్టరో మోటారు సైకిలో నిలుచును. వేరొక ప్రక్క పాడిపశువులుండును. తెల్లవారుజామున పాలు పిదుకుటకు దీపమును, గడ్డి నరకుటకు చిన్న మోటారును కావలసివచ్చును. అప్పుడు మనలో పలువురు చేయునదేమి? ఇంటిలోని ప్లగ్గునుండి చేతికందిన తీగను లాగి, నడుమ వేపకొమ్మకు చుట్టి, కొట్టపు రేకుల క్రిందుగా దూర్చి, దీపము వెలిగినది గదా యని సంతోషింతురు. అయ్యలారా, దీపము వెలుగుట పని సరిగా జరిగినదనుటకు నిదర్శనము కాదు. తప్పుగా కట్టిన తీగతో గూడ దీపము చక్కగానే వెలుగును. ఆ తప్పు వానకాలమున ఒకనాడు బయటపడును.

మొదట తీగ లావును గూర్చి యోచింతము. కాలువ సన్ననిదై, దూరము హెచ్చైనచో చివరి పొలమునకు నీరు చాలదని మీరెరుగుదురు. విద్యుత్తునకును ఇదియే న్యాయము. ఇంటికి వచ్చునది 230 వోల్టులు. కొట్టము 40 మీటర్ల దూరమున నున్నదనుకొనుడు. పోవుటకొక తీగ, వచ్చుటకొక తీగ. వెరసి 80 మీటర్లు. దీపములకు వాడు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగను వేసి, 10 ఆంపియర్లు వాడినచో, దారిలోనే సుమారు 10 వోల్టులు తరిగిపోవును. మోటారు కదలునపుడు అంతకు పలురెట్లు ప్రవాహమును లాగును గనుక తరుగును పలురెట్లగును. మోటారు తిరుగలేక మూలుగును, వేడెక్కును, కాలిపోవును. అదే 4 చదరపు మిల్లీమీటర్ల తీగయైనచో తరుగు నాలుగు వోల్టులకు మించదు.

తీగ పోవు మార్గము రెండవది. చెట్టుకు గాని, బట్టలారవేయు దండెమునకు గాని, రేకులకు గాని కరెంటు తీగను తగులనీయరాదు. గాలికి ఒరసి పైతొడుగు అరిగెనా, ఇనుప దండెమంతయు కరెంటు తీగయే యగును. తడిబట్ట ఆరవేయబోయిన ఇల్లాలికి ఆ సంగతి తెలియదు. ఇనుపకవచము గల కేబులును రెండున్నర అడుగుల లోతున పాతుట మేలు. క్రిందను మీదను ఇసుక పోసి, ఇటుకలు పరచి పూడ్చవలెను. ట్రాక్టరు నడచు చోట గట్టి గొట్టములో నుంచవలెను. పాతిన మార్గమును గుర్తుపెట్టినచో రేపు గునపము వేయువాడు బ్రతుకును.

ఇక ముఖ్యమైనది ఎర్తు. కొట్టము వద్ద కడ్డీ పాతితిమి, ఫ్యూజున్నది, ఇక భయమేమి యని పలువురు తలంతురు. లెక్క చూతము. మోటారులో తీగ చెడి ఇనుప స్తంభమునకు కరెంటు తగిలినది. అది కడ్డీగుండా నేలలో దిగి, ట్రాన్సుఫార్మరు వద్ద నున్న ఎర్తునకు చేరవలెను. ఈ దారి నిరోధము 20 ఓములనుకొనుడు. 230ని 20తో భాగింపగా వచ్చునది పదకొండున్నర ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఫ్యూజు దీనికి కదలనైన కదలదు. స్తంభము కరెంటుతోనే నిలిచియుండును. ఫ్యూజు తీగను కాపాడును గాని మనిషిని కాపాడదు. మనిషి ప్రాణమునకు ఆంపియరులో పదవవంతైనను అక్కరలేదు.

పశువుల గతి మరింత దయనీయము. కొట్టపు నేల మూత్రముతో, కడిగిన నీటితో ఎల్లప్పుడు తడిగా నుండును. పశువు ముందుకాళ్లకును వెనుకకాళ్లకును నడుమ దూరము హెచ్చు. నేలలో కరెంటు దిగుచున్నప్పుడు ఆ దూరముననే వోల్టుల భేదమేర్పడి, ప్రవాహము గుండెమీదుగా పోవును. స్తంభమును తాకకయే పశువు కూలుట కిదియే కారణము.

కావున చేయవలసినవి నాలుగు. ఫేజు, న్యూట్రలులతో పాటు మూడవదైన ఎర్తు తీగను గూడ ఇంటి ఎర్తునుండి కొట్టమువరకు తేవలెను. రెండవది, ఆ లైను మొదటనే ఇంటిలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టింపవలెను. పోయిన ప్రవాహమును, తిరిగివచ్చిన దానిని అది సరిచూచుచుండును. ఆ మేర తేడా వచ్చినచో రెప్పపాటులో కరెంటును త్రెంచివేయును. దాని మీది పరీక్ష మీటను నెలకొకసారి నొక్కి చూడుడు. మూడవది, తీగ లావునకు తగిన ఎం.సి.బి.ని గూడ అచ్చటనే ఉంచి, కొట్టపు ద్వారమువద్ద ఫేజును న్యూట్రలును రెంటిని ఒక్కసారి విడదీయు స్విచ్చి నమర్చవలెను. నాలుగవది, కొట్టములో న్యూట్రలును ఎర్తుతో కలుపరాదు; ఫేజు ఒక్కటే తెచ్చి, న్యూట్రలునకు మారుగా నేలలో కడ్డీ పాతి దీపము వెలిగింపనే రాదు. ఆ కడ్డీచుట్టు నున్న తడినేలయే ప్రాణాంతకమగును.

ఈ పని లైసెన్సు గల గుత్తదారుచేత చేయింపవలెనని నిబంధన కలదు. మంజూరైన లోడు చాలనిచో విద్యుత్తు కార్యాలయమున దరఖాస్తు నిచ్చి పెంపించుకొనుడు. గృహావసరమునకని తీసికొన్న కరెంటును వేరొక పనికి మళ్లించుట 2003 నాటి విద్యుత్ చట్టము ప్రకారము నేరమును మోపదగిన దుర్వినియోగమని మరువకుడు.

ఎవరికైన కరెంటు తగిలినపుడు వారిని చేతితో పట్టి లాగరాదు. ముందుగా మెయిను స్విచ్చి కట్టవలెను. అది అందనిచో పొడి కర్రతో తీగను తొలగింపవలెను.

పెద్దలారా, మీ వీధిలో దండెమునకు చుట్టిన తీగ కనబడినచో, పరుల ఇంటి విషయము మనకేల యని సాగిపోకుడు. కుర్రవాడు చెప్పినచో నవ్వుదురు. మీరు చెప్పినచో విందురు. వానలు మొదలు కాకమునుపే ఆ మాట చెప్పుడు.