తొట్టెలో గులక.. ఆక్సోలోటల్‌కు గండం

అద్దాల తొట్టె అనగానే అడుగున రంగురంగుల గులకరాళ్లు పరచడం పరిపాటి. చేపల మాట ఎలా ఉన్నా, కొందరు ముచ్చటపడి పెంచుకుంటున్న ఆక్సోలోటల్‌కు మాత్రం ఆ రాళ్లే ప్రాణాంతకంగా పరిణమించవచ్చు. చూపునకు అందంగా ఉండే గులక దాని కడుపులోకి చేరితే ఏమవుతుందో పెంపకందారులు ముందే తెలుసుకోవడం మేలు.

ఏమిటీ జీవి?

ఆక్సోలోటల్ చేప కాదు. కప్పల మాదిరిగా ఉభయచర వర్గానికి చెందిన సాలమాండర్. మెక్సికో నగరానికి దక్షిణాన ఉన్న సోచిమిల్కో కాల్వలు దీని సహజ ఆవాసం. తలకు ఇరువైపులా ఈకల వంటి మొప్పలతో జీవితాంతం నీటిలోనే గడుపుతుంది. తెగిన కాలు సైతం తిరిగి మొలుస్తుంది. సోచిమిల్కోలో 1998లో చదరపు కిలోమీటరుకు సుమారు 6 వేలు ఉన్నట్లు అంచనా వేయగా, 2014 నాటికి ఆ సంఖ్య 36కు పడిపోయింది.

నమలదు.. మింగుతుంది

దీని పళ్లు అతి చిన్నవి. ఎరను పట్టి ఉంచడానికే తప్ప నమలడానికి పనికిరావు. చూపు కూడా అంతంతమాత్రమే. వాసన, నీటి కదలికల ఆధారంగా ఎరను పసిగట్టి ఒక్కసారిగా నోరు తెరుస్తుంది. ఆ ఊపునకు నీటితో పాటు ఎర లోపలికి వెళుతుంది. అడుగున గులక ఉంటే అదీ వెళుతుంది. చిన్న రాయి మలంతో బయటపడినా, పెద్దది పేగులో ఇరుక్కుని దారి మూసేస్తుంది. మేత మానేయడం, పొట్ట ఉబ్బడం, మలం రాకపోవడం, అదుపు లేకుండా పైకి తేలడం ఇందుకు సూచనలు. వీటిని గమనిస్తే వెంటనే గులక తొలగించి పశువైద్యుని సంప్రదించాలి. ఎక్స్‌రేలో రాళ్లు కనిపిస్తాయి. పొట్ట నొక్కి రాయిని బయటకు తీసే ప్రయత్నం చేయరాదు.

గులకతో మరో చిక్కు కూడా ఉంది. రాళ్ల సందుల్లో మిగిలిన మేత, మలం కుళ్లి నీటిలో అమ్మోనియా పెరుగుతుంది. అంచులు పదునుగా ఉంటే మెత్తని చర్మం గీసుకుపోతుంది.

అడుగున ఏం వేయాలి?

పిల్లలకు ఖాళీ అడుగే క్షేమం. సుమారు 15 సెంటీమీటర్లు దాటిన వాటికి ఒక మిల్లీమీటరు లోపు మెత్తని ఇసుక వేయవచ్చు. కాళ్లు జారకుండా గరుకు పలక పరిచినా చాలు. అలంకరణకు రాళ్లు కావాలనుకుంటే జీవి తల కన్నా పెద్దవి, నున్ననివి ఎంచుకోవాలి. మేతను చిన్న గిన్నెలో వేయడం లేదా పట్టకారుతో అందించడం మంచిది.

కొనే ముందు ఆలోచించండి

దీనికి 16 నుంచి 18 డిగ్రీల చల్లని నీరు కావాలి. 24 డిగ్రీలు దాటితే తట్టుకోవడం కష్టం. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన జిల్లాల్లో నీటిని చల్లబరిచే యంత్రం తప్పనిసరి. అంతేకాక ఇది అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం, 2024 నిబంధనల మేరకు పెంపకందారులు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాల్సి ఉంటుంది.