పాత్రను పట్టిచ్చేది బట్టే!
విద్యార్థుల లఘుచిత్రాల్లో దుస్తుల ఎంపికే అసలు పరీక్ష

ఉప్పల్: సినిమాలో పాత్ర నోరు విప్పకముందే ఒంటిమీది బట్ట మాట్లాడుతుంది. పది నిమిషాల లఘుచిత్రంలో ఇది మరీ నిజం. మనిషి ఎవరు, ఏం పని చేస్తాడు, చేతిలో డబ్బు ఆడుతున్నదా లేదా అని చెప్పడానికి వేరే సీన్లకు అందులో చోటుండదు. అయినా కెమెరా అద్దెకు తలో కొంత వేసుకునే విద్యార్థులు చాలాసార్లు దుస్తుల సంగతి చివరికి వదిలేస్తారు. ఫలితంగా ఫ్యాక్టరీ కార్మికుడు ఇస్త్రీ నలగని చొక్కాతో షిఫ్టు దిగుతాడు.

ఈ విద్యలో నాచారానికి పాత పేరే ఉంది. ఎన్.టి. రామారావు 1976లో ఇక్కడ రామకృష్ణ స్టూడియో నెలకొల్పారు. 1977 సంక్రాంతికి విడుదలైన ‘దానవీరశూర కర్ణ’లో కృష్ణుడు, దుర్యోధనుడు, కర్ణుడు మూడు పాత్రలూ ఆయనే ధరించారు. ముఖం ఒకటే అయినా ప్రేక్షకులు పొరబడలేదంటే, అభినయంతో పాటు కిరీటం, నగలు, వస్త్రాల తేడా కూడా కారణమే. అయితే పురాణ పాత్రలకు నెమలిపింఛం వంటి కొండగుర్తులు సిద్ధంగా ఉంటాయి. సాంఘిక పాత్రలకు వాటిని వెతుక్కోవాలి.

ఆ వెతుకులాటకు దక్కిన గౌరవానికి ‘దాసి’ నిదర్శనం. బి. నర్సింగరావు దర్శకత్వంలో 1988లో వచ్చిన ఈ చిత్రం గడీలో నలిగిన స్త్రీ కథ. దానికి వచ్చిన జాతీయ అవార్డుల్లో ఒకటి దుస్తుల రూపకల్పనకు నల్లగొండ జిల్లా చిత్రకారుడు పిట్టంపల్లి సుదర్శన్‌కు దక్కింది. ఆపై ఆయన ‘దాసి సుదర్శన్’గానే పేరొందారు. 2024లో కన్నుమూశారు. తళుకుబెళుకుల చిత్రానికి కాక, తెలంగాణ పల్లె బతుకు చూపిన చిత్రానికి ఈ గుర్తింపు రావడం గమనార్హం.

కళ్లెదుటే పాఠాలు

ఉప్పల్ చౌరస్తాలో గంటసేపు నిలబడితే చాలు, పాఠాలు కనిపిస్తాయి. ఆటో డ్రైవరు మామూలు చొక్కాపైనే ఖాకీ చొక్కా తగిలించుకొని గుండీలు వదిలేస్తాడు. ఇల్లు కట్టే చోట కూలికి పోయే స్త్రీ ఎండకు, సిమెంటు దుమ్ముకు ఓర్చుకోవడానికి చీరపై మగవారి పొడుగుచేతుల చొక్కా తొడుక్కుంటుంది. ఆ ఒక్క చొక్కా చూపితే ఆమె పని గురించి డైలాగు రాయనక్కరలేదు.

బట్ట ఎక్కడ అరిగిందన్నదీ ముఖ్యమే. రాతపని చేసేవాడికి మోచేతుల దగ్గర, మూటలు మోసేవాడికి భుజం మీద అరుగుతుంది. కొత్త చొక్కా తప్పకపోతే నాలుగైదుసార్లు ఉతికి, టీ డికాక్షన్‌లో ముంచి ఆరేసి, కాలరు అంచును గరుకు కాగితంతో రుద్దితే పాతదనం వస్తుంది. ఇంటి బీరువాల్లోనూ, ఎర్రగడ్డ ఆదివారం సంతలోనూ పాత బట్టలకు కొదువలేదు. మరీ సన్నని చారల చొక్కాలు కెమెరాలో అలలు అలలుగా కదిలినట్లు కనిపిస్తాయి గనుక వాటిని మానుకోవడం మేలు.

ఒకే సీనును రెండు రోజులు తీస్తే మొదటిరోజు మడిచిన చేతులు రెండోరోజు విప్పి ఉండరాదు. షాటు కాగానే సెల్‌ఫోనులో ఫొటో తీసిపెట్టుకుంటే ఈ చిక్కు తప్పుతుంది. వాన, రక్తం సీన్లుంటే అదే చొక్కా రెండోది ఉండాల్సిందే.

చిరుగులే పేదరికమా?

అన్నిటికన్నా పెద్ద పొరపాటు పేదవారి విషయంలో జరుగుతోంది. పేద పాత్ర అనగానే చొక్కా చింపి, ముఖానికి మసి పూస్తారు. బస్తీల్లో చిరుగు పడిన చోట కుట్టుకొని, ఉతికి, ఉన్నంతలో శుభ్రంగా కట్టుకునేవారే ఎక్కువ. ఇరుగుపొరుగు వారినే చూపుతూ అతుకుల బొంత తొడిగితే, చూసేవారికి అది తమ కథ అనిపించదు సరికదా, తమను ఎగతాళి చేసినట్లుంటుంది. కథ రాసిన చేత్తోనే ఆ మనిషి బట్టలను కూడా ఒకసారి దగ్గర నుంచి చూసి రావడానికి ఖర్చేమీ కాదు. ఈ కాస్త శ్రద్ధ పెడితే ఉప్పల్, నాచారం విద్యార్థుల చిత్రాల్లో ఇక్కడి మనుషులు ఇక్కడి మనుషుల్లాగే కనిపిస్తారు.